మిరప కల్లం, సెల్‌ఫోన్, కుంచె

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల రోడ్డెక్కితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అటూ ఇటూ మిరప కల్లాలే. ఆ ఎరుపు చూసి బండి ఆపని వాళ్ళు తక్కువ, ఆపాక సెల్లు తీయని వాళ్ళు ఇంకా తక్కువ. తీరా ఫోటో తెరిచి చూసుకుంటే కాయకీ కాయకీ తేడా కనపడదు. తొడిమలు లేవు, ముడతలు లేవు, ఎండిన తోలు మీద మెరుపు లేదు. అంతా కలిసి ఒకటే ఎర్ర ముద్ద. అదే ఫోటోలో పక్కన కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ చీర మడతలు, పట్టా మీద పడ్డ మట్టి, వెనక తుమ్మచెట్టు కొమ్మలు మాత్రం శుభ్రంగా పడతాయి.

ఈ ముద్ద ఎందుకు పడుతుందో తెలిస్తే సెల్‌ఫోన్ ఫోటోగ్రఫీలో సగం తెలిసినట్టే. తీసిన ఫోటోను ఇంటికొచ్చి నీటిరంగుల బొమ్మలా, తైలవర్ణ చిత్రంలా మార్చుకునే సరదా ఈమధ్య చాలామందికి పట్టుకుంది. మిగతా సగం ఆ సరదాలో దొరుకుతుంది. పడమటి కృష్ణా మెట్ట, అంటే 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం, ఈ రెండూ నేర్చుకోవడానికి మంచి చోటు. ఎర్ర మిరప, తెల్ల పత్తి, నల్లరేగడి, సున్నపురాయి గుట్టలు, కృష్ణమ్మ, మున్నేరు. రంగులకూ వెలుతురుకూ ఇక్కడ కొదవ లేదు.

ముందు కెమెరా సంగతి. ఫోన్‌లో లెన్సు వెనక గోరంత సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద కోటికి పైగా సూక్ష్మమైన గళ్ళు. గడికి తన మీద వెలుతురు ఎంత పడిందో తెలుస్తుంది గానీ అది ఏ రంగో తెలియదు. అందుకని ఒక్కో గడి మీద ఒక్కో రంగు వడపోత పెడతారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు ఈ అమరిక మీద 1976లో పేటెంట్ వచ్చింది. నేటికీ మన చేతిలో ఉన్న ఫోన్లు చాలావరకు ఆ అమరికనో, దాని రూపాంతరాన్నో వాడుతున్నాయి. ఆకుపచ్చకు రెండు వాటాలు ఇవ్వడానికి కారణం మన కన్నే. వెలుగునీడల వివరం మనకు ఎక్కువగా అందేది ఆ రంగు చుట్టుపక్కల నుంచే.

వరిచేనుకూ మనిషి ముఖానికీ ఈ లెక్క చక్కగా సరిపోతుంది. మిరప కల్లం దగ్గరే తేడా కొడుతుంది. ఎండు మిరపకాయ నుంచి తిరిగి వచ్చే వెలుతురులో ఆకుపచ్చ, నీలం బహు స్వల్పం. నాలుగింట మూడు గళ్ళు దాదాపు చీకట్లో ఉంటాయి. మిగిలిన ఒక్క ఎర్ర గడి చెప్పిన దాన్నిబట్టి ఫోన్ మొత్తం బొమ్మను ఊహించి నింపాలి. దీనికి తోడు, వెలుతురు చాలిందో లేదో ఫోన్ ఎక్కువగా ఆకుపచ్చ గళ్ళను బట్టే కొలుస్తుంది. అవి చీకట్లో ఉన్నాయి కాబట్టి దృశ్యమే చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. ఎర్ర గళ్ళు పొంగిపొర్లిపోతాయి. మామూలు ఫోటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే మెట్లు. నిగనిగలాడే కాయా 255, దాని పక్క కాయా 255, వాటి మధ్య సన్నని ముడతా 255. తేడా లేని చోట కంటికి ముద్ద కనపడక ఏం కనపడుతుంది?

మందు తేలికే. తెర మీద మిరపకాయల మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. తెర మీద ముడతలు తిరిగి కనపడేదాకా లాగండి. మిగతా దృశ్యం చీకటి పడినా పరవాలేదు, చీకటిని తర్వాత ఎడిటింగ్‌లో పైకి తేవచ్చు. పొర్లిపోయిన ఎరుపును మాత్రం ఏ యాప్ వెనక్కి తేలేదు. ఫోన్‌లో రంగులు గాఢంగా చూపించే మోడ్ ఏదన్నా ఉంటే కల్లంలో దాన్ని ఆపేయడం మంచిది. మిట్టమధ్యాహ్నం కన్నా పొద్దున ఎనిమిదింటికి, లేదా పలచటి మబ్బు పట్టినప్పుడు తీస్తే పని ఇంకా సులువు.

ఇక బొమ్మల సంగతి. ఫోటోను బొమ్మగా మార్చే యాప్ మన దగ్గర లేకపోయినా, మన ఫోన్ అప్పటికే కాస్త బొమ్మ గీసేస్తోంది. సందేహం ఉంటే పొద్దుగూకాక తీసిన పత్తిచేను ఫోటో ఒకటి తెరిచి రెండు వేళ్ళతో బాగా పెద్దది చేసి చూడండి. దూరపు మొక్కల ఆకులు ఆకుల్లా ఉండవు. తడి కుంచెతో అద్దిన మచ్చల్లా ఉంటాయి. పెద్ద కెమెరాల్లో ఫుల్‌ఫ్రేమ్ అనే సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో అతి పెద్ద సెన్సర్ కూడా సుమారు 116 దగ్గర ఆగుతుంది. చాలా ఫోన్లలో అంతకన్నా చిన్నదే. పడే వెలుతురు తక్కువైతే గళ్ళు చెప్పే అంకెల్లో నిజంతో పాటు గందరగోళమూ కలుస్తుంది. దాన్నే ఫోటో మీద ఇసుక చల్లినట్టు చూస్తాం. దాన్ని తగ్గించడానికి ఫోన్ ఒక్క నొక్కుకు వరసగా అనేక ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సర్ది సగటు తీస్తుంది. తొమ్మిది ఫోటోలు కలిపితే ఆ రేణువు మూడో వంతుకు తగ్గుతుంది, ఎందుకంటే తగ్గుదల వర్గమూలం లెక్కన నడుస్తుంది. గూగుల్‌లో మార్క్ లెవాయ్ బృందం బయటికి తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్, 2018లో తెచ్చిన నైట్ సైట్ ఇలా పుట్టినవే. అప్పటికీ మిగిలిన రేణువును ఫోన్ నున్నగా పామేస్తుంది. ఆ పామడంలో అంచులను కాపాడుతూ లోపలి వివరాన్ని వదిలేస్తుంది. కుంచె పట్టినవాడు చేసేదీ అదే.

వివరాన్ని ఎక్కడ వదలాలి, ఎక్కడ ఉంచాలి అన్నదే ఈ హాబీకి గుండెకాయ అని నా నమ్మకం.

యాప్‌లో ‘పెయింటింగ్’ బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒక్కచోట దగ్గరగా చూద్దాం. ఇలాంటి పనికి చాలాచోట్ల వాడే పద్ధతుల్లో ఒకటి కువహారా ఫిల్టర్. జపాన్‌కు చెందిన మిచియోషి కువహారా దీన్ని 1970లలో గుండె రక్తనాళాల వైద్య చిత్రాలను శుభ్రం చేయడానికి తయారుచేశాడు. మిరప రాశి అంచున ఒక చుక్క తీసుకోండి. ఒకవైపు కాయల నీడ, వెలుతురు విలువ 60 దగ్గర. రెండోవైపు తెల్ల పట్టా, 200 దగ్గర. ఆ చుక్క చుట్టూ అయిదు గళ్ళ పొడవు, అయిదు గళ్ళ వెడల్పు చదరం గీసి, దాన్ని నాలుగు మూలలుగా విడదీస్తారు. మధ్య వరస రెండు పక్కలకూ ఉమ్మడి, కాబట్టి ఒక్కో మూలలో తొమ్మిది గళ్ళు. ఒక మూలలో 58, 62, 60, 61 ఇలా అన్నీ దగ్గర దగ్గర అంకెలే. ఇంకో మూలలో 60, 195, 63, 204 కలగాపులగం. ఏ మూలలో అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో దాని సగటును మాత్రమే ఆ చుక్కకు ఇస్తారు. మామూలు మసక ఫిల్టర్ అయితే ఎరుపునూ తెలుపునూ కలిపి 130 చేసి అంచును చెరిపేసేది. ఇక్కడ చుక్క కాయల పక్షమో పట్టా పక్షమో తేల్చుకుంటుంది. రాశి లోపలి చిన్న చిన్న తేడాలు కరిగి రంగు పలకలవుతాయి, రాశి అంచు మాత్రం కత్తితో కోసినట్టు నిలుస్తుంది. చూసిన కంటికి కుంచె పని అనిపించేది ఇందుకే.

ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోటో అంటే 4000 గళ్ళ పొడవు, 3000 గళ్ళ వెడల్పు. అందులో అయిదు గళ్ళ చదరం ఏ మూలకూ చాలదు, ఎన్నిసార్లు నొక్కినా తేడా కనపడదు. ముందు ఫోటోను 1200 గళ్ళ పొడవుకు కుదించి తర్వాత పెయింటింగ్ బటన్ నొక్కితే కుంచె గీత అమాంతం లావవుతుంది. యాప్ బాగాలేదని తీసేసేవాళ్ళు ఒకసారి ఇలా చేసి చూడాలి.

1998లో ఆరన్ హెర్ట్జ్‌మన్ మరో దారి చూపించాడు. ముందు లావు కుంచెతో మొత్తం బొమ్మ వేసేయడం, తర్వాత అసలు ఫోటోతో పోల్చి బాగా తేడా ఉన్న చోట మాత్రం సన్న కుంచె వాడడం. ఆకాశానికి నాలుగు గీతలు చాలు, కళ్ళకు నలభై కావాలి. మన చిత్రకారులెవరిని అడిగినా ఈ వరసే చెబుతారు. కంప్యూటర్‌కు అది లెక్కగా నేర్పడానికి ఓ మనిషి కూర్చోవలసి వచ్చింది, అంతే.

తాలు కాయల దగ్గరికి మళ్ళీ రావాలి. ఒక కల్లంలో ఫోటో తీస్తుంటే తాలు ఏరుతున్న పెద్దామె అన్నది: “తాలు కనపడకుండా తియ్యి బాబూ, రేటు తగ్గుద్ది.” వ్యాపారం సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. బొమ్మ విషయానికి వస్తే మాత్రం ఆ తాలు కాయలే ప్రాణం. ఎందుకో అంకెల్లో చూడండి. రంగు ఫోటోను నలుపు తెలుపు చేసేటప్పుడు ఎరుపు విలువలో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు కలుపుతారు. కంటికి ఏ రంగు ఎంత వెలుగుగా తోస్తుందో దాన్నిబట్టి కట్టిన వాటాలివి. ఎర్ర కాయ రంగు 200, 30, 30 అనుకుంటే దాని వెలుగు 81. పక్కన ముదురు పచ్చ ఆకు 50, 100, 50 అనుకుంటే దాని వెలుగు 79. రంగుల్లో ఉత్తర దక్షిణ ధ్రువాలు, వెలుగులో కవలలు. నలుపు తెలుపు చేస్తే రెండూ కలిసిపోతాయి. పాలిపోయిన తాలు కాయ 220, 190, 140 అయితే దాని వెలుగు 193. ఆ రాశిలో ఆకారం, లోతు కంటికి పట్టించేది అదే.

దీని వెనక నాడీశాస్త్రం ఉంది. మన మెదడులో స్థానాన్ని, లోతును, కదలికను పసిగట్టే భాగం ప్రధానంగా వెలుగు తేడాల మీద ఆధారపడుతుంది. రంగును చూసే దారి వేరు. హార్వర్డ్‌లో మార్గరెట్ లివింగ్‌స్టన్ ఈ విషయాన్ని చిత్రకళతో ముడిపెట్టి వివరించారు. క్లోద్ మోనే 1872లో వేసిన సూర్యోదయ చిత్రంలో నారింజ రంగు సూర్యుడు చుట్టూ ఉన్న బూడిద రంగు మబ్బుతో దాదాపు సమానమైన వెలుగులో ఉంటాడు. ఆ చిత్రాన్ని నలుపు తెలుపు చేస్తే సూర్యుడు మాయమవుతాడు. రంగులో చూసినప్పుడు మాత్రం అతను అక్కడ మిలమిలా కదులుతున్నట్టు ఉంటాడు, ఎందుకంటే మెదడులో ఒక భాగానికి అతను కనపడతాడు, రెండో భాగానికి కనపడడు. మోనే దాన్ని కావాలనే వాడుకున్నాడనిపిస్తుంది. మన కల్లం ఫోటోలో అది తెలియకుండా జరిగిపోతుంది. కాబట్టి ఏ ఫోటోకైనా కుంచె ఫిల్టర్ వేసే ముందు ఒక్కసారి నలుపు తెలుపులో చూసుకోండి. అక్కడ బొమ్మ నిలబడితే రంగులోనూ నిలబడుతుంది. నిలబడకపోతే స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో ఒక చోటును మాత్రమే ఎంచుకుని వెలుగు పెంచే సాధనం ఉంటుంది, దానితో నాలుగు కాయల మీద వెలుగు కాస్త ఎత్తితే చాలు.

ఫోటో మీద కుంచె నడపడం సెల్‌ఫోన్లు తెచ్చిన పద్ధతి అనుకుంటే పొరపాటు. అమరావతి శిల్పాలను వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చాడు. అక్కడ వాటిని 1858లో ఫోటో తీసినవాడు కెప్టెన్ లీనియస్ ట్రైప్, మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్. దక్షిణాది గుళ్ళనూ బర్మా పగోడాలనూ తీసిన ట్రైప్, తన కాగితపు నెగెటివ్‌ల మీద సన్న కుంచెతో రంగు పూసి మబ్బులు గీసేవాడు, చెట్ల ఆకులకు రూపం దిద్దేవాడు. అది మోసం చేయాలని కాదు. అప్పటి రసాయనాలకు నీలం వెలుతురు మాత్రమే తగిలేది. నీలాకాశం ఎప్పుడు తీసినా అంతా మాడిపోయి అచ్చులో తెల్ల కాగితంలా వచ్చేది. ఆకులేమో పచ్చవి కాబట్టి నల్లటి గుంపుల్లా పడేవి. కన్ను చూసినదీ రసాయనం చూసినదీ వేరైన చోట ఆ వేరును ట్రైప్ చేత్తో పూడ్చాడు. ఇప్పుడు మన ఫోన్‌కు నీలం సమస్య పోయి ఎరుపు సమస్య మిగిలింది.

ట్రైప్ తీసినవి అమరావతి రాళ్ళు. జగ్గయ్యపేట స్తూపం ఆ తర్వాత వెలుగులోకి వచ్చింది. అక్కడి ధనంబోడు దిబ్బ మీద జేమ్స్ బర్జెస్ 1882లో తవ్వకాలు జరిపి, అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887లో పుస్తకం ప్రచురించాడు. ఇక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యి పైకెత్తుతాడు, మబ్బుల్లోంచి నాణేలు రాలతాయి, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి మొదలైన సప్తరత్నాలు. చెక్కడం లోతు చాలా తక్కువ. వెనక కోట లేదు, తోట లేదు, నేల గీత కూడా పెద్దగా లేదు. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ శిల్పి ఏం వదలాలో ఎంత బాగా ఎరిగినవాడో ఆ పలక చూస్తే అర్థమవుతుంది. ఫోటో ఎడిటింగ్ మీద సరదా ఉన్న ప్రతివాళ్ళూ దాన్ని చెన్నై వెళ్ళినప్పుడు తప్పక చూడాలి.

ఇంత తక్కువ లోతు శిల్పాన్ని ఫోటో తీయడం ఒక పరీక్ష. అర సెంటీమీటరు ఎత్తు ఉన్న చెక్కడం మీద వెలుతురు 60 డిగ్రీల కోణంలో పడితే నీడ మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అదే 10 డిగ్రీల్లో పక్కగా జారితే నీడ 28 మిల్లీమీటర్లు సాగుతుంది. శిల్పం అమాంతం లేచి కూర్చుంటుంది. మన ఊళ్ళలో చెట్ల కింద, గుడి ముంగిళ్ళలో ఉన్న వీరగల్లుల మీద ఈ పని చేయవచ్చు. నేల మీద పడుకోబెట్టిన రాయికి పొద్దు పొడిచిన వేళ బాగుంటుంది. తూర్పు ముఖంగా నిలబెట్టిన రాయికి పొద్దుటి ఎండ నేరుగా మొహాన కొడుతుంది కాబట్టి పదకొండు దాటేదాకా ఆగాలి. రాత్రయితే ఇంకో ఫోన్ టార్చిని రాతికి పక్కగా పట్టుకుంటే చాలు. ఆ ఫోటోకు కువహారా వేస్తే పాత ముద్రణాలయాల్లో అచ్చయిన బొమ్మలా వస్తుంది.

వెలుతురు తానే కుంచె పట్టే రోజులూ ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కీసర దగ్గర మున్నేరు వంతెన మీద నిలబడితే మంచు ఎడిటింగ్ పని సగం చేసేసి ఉంటుంది. మంచు బిందువులు వెలుతురు తరంగాల కన్నా చాలా పెద్దవి, అందుకని అన్ని రంగులనూ ఒకే తీరున చెదరగొడతాయి. దూరపు వివరం తెల్లదనంలో కలిసిపోయి దగ్గరివి మాత్రం ముదురుగా మిగులుతాయి. మంచు లేని రోజున వేదాద్రి గట్టు నుంచి కృష్ణకు ఆవలి కొండలను చూస్తే అవి నీలంగా ఉంటాయి. గాలి అణువులు చాలా చిన్నవి, అవి 450 నానోమీటర్ల నీలాన్ని 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. దగ్గరివి ముదురు, దూరానివి లేత, ఇంకా దూరానివి నీలం అనే ఈ వరసను నీటిరంగుల చిత్రకారులు ఏనాడో పట్టుకున్నారు. ఫోన్ మాత్రం దూరాన్ని కూడా స్పష్టంగా చూపాలని ఆరాటపడి ఆ మసకను తీసేస్తుంది. ఎడిటింగ్‌లో ‘డీహేజ్’, ‘స్ట్రక్చర్’ లాంటి సాధనాలను ఇలాంటి ఫోటోల్లో సున్నా కన్నా కిందికి లాగండి. కొండలు మళ్ళీ తమ దూరానికి తాము వెళ్ళిపోతాయి.

కొత్తరకం యాప్‌ల గురించి ఒక మాట. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాటిస్, ఎకర్, బెట్‌గె అనే ముగ్గురు, ఒక ఫోటోలోని వస్తువులను ఉంచి, మరో చిత్రంలోని కుంచె తీరును దానికి ఎక్కించే పద్ధతి కనిపెట్టారు. ఫోటోలను గుర్తుపట్టడానికి తర్ఫీదు ఇచ్చిన కృత్రిమ నాడీజాలంలో లోతు పొరలు వస్తువులను పట్టుకుంటాయి. పలు పొరల్లో ఏ లక్షణం ఏ లక్షణంతో కలిసి వస్తోందో లెక్కిస్తే చిత్రకారుడి తీరు దొరుకుతుంది. మరుసటి ఏడే వచ్చిన ప్రిస్మా యాప్ దీన్ని అందరి చేతికీ ఇచ్చింది. శాస్త్రంగా ఇది గొప్ప పని. హాబీగా నాకు అంతగా నచ్చదు. వాన్ గో గీతలు ప్రోవెన్స్ గాలికి, అతని మనసుకు పుట్టినవి. వాటిని తెచ్చి నందిగామ పత్తిచేను మీద పరిస్తే పత్తిచేను కనపడదు, వాన్ గో కూడా కనపడడు. పైగా అది చిత్రం మొత్తం మీద ఒకే తీరు గీతలు గీస్తుంది. ఎక్కడ సన్న కుంచె, ఎక్కడ లావు కుంచె అనే నిర్ణయం మన చేతిలోంచి జారిపోతుంది. లేని మబ్బులు, లేని కొంగలు అతికించే యాప్‌ల జోలికి వెళ్ళేవాళ్ళు ఆ సంగతి ఫోటో కింద రాసి పెట్టాలి. రేపు ఎవరైనా ఈ ప్రాంతం ఎలా ఉండేదో చూడాలనుకుంటే అక్కరకొచ్చేది మనం తీసిన ఈ మామూలు ఫోటోలే. అందుకే అసలు ఫోటోను ఎప్పుడూ చెరపకండి. బొమ్మను వేరే పేరుతో దాచుకోండి.

నేను మెచ్చే పద్ధతి ఇది. కుదించిన ఫోటో మీద మొత్తానికి కుంచె ఫిల్టర్ వేసి, తర్వాత మాస్క్ సాధనంతో ఒకే ఒక్క చోట అసలు వివరాన్ని వెనక్కి రప్పించడం. కల్లం ఫోటోలో అయితే తాలు ఏరుతున్న చేతులు. గోళ్ళు, గాజులు, వేళ్ళ మధ్య ఇరుక్కున్న కాయ స్పష్టంగా ఉండి, చుట్టూ ఉన్న రాశి, పట్టా, చీరలు రంగు పలకలుగా మిగిలితే కన్ను నేరుగా ఆ చేతుల మీదికే పోతుంది. రెండు చోట్ల వివరం తెస్తే కన్ను అటూ ఇటూ తడబడుతుంది. ముఖాలు తీస్తే వాళ్ళను అడిగే తీయాలి, తీసింది వాళ్ళకు చూపించాలి.

ఆఖరుకు ఆ బొమ్మ ఎక్కడికి పోతుందన్నది చూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది, జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిది గళ్ళ చదరాలుగా విడగొట్టి సన్న తేడాలను పారేస్తుంది, సన్నని కుంచె గీతలు ముందు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే యథాతథంగా చేరుతుంది. కాగితం మీద అచ్చు వేయించాలంటే అంగుళానికి 300 గళ్ళ లెక్కన 4000 గళ్ళ ఫోటో పదమూడు అంగుళాల పొడవు వస్తుంది. కుంచె బొమ్మలో పోగొట్టుకోవడానికి సన్న వివరం లేదు కాబట్టి 150 గళ్ళ లెక్కన ఇరవై ఆరు అంగుళాలకు సాగదీసినా కంటికి లోటు తెలియదు. 1200కు కుదించి చేసిన బొమ్మను ముందు మూడింతలు పెంచుకుని పంపాలి. మెరిసే కాగితం కన్నా మ్యాట్ కాగితం, లేదా క్యాన్వాస్ నప్పుతుంది. ఫోన్ తెర తన వెలుతురుతో తాను వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురుతో సరిపెట్టుకుంటుంది. కాబట్టి తెర వెలుతురు సగానికి తగ్గించి చూసి, అప్పటికీ బాగుందనిపించేదాకా బొమ్మ వెలుగు కాస్త పెంచి, ఆ తర్వాతే స్టూడియోకు ఇవ్వండి.